అభిమానియు విమర్శకుఁడును

కావ్యమునకు సహృదయుఁడే ప్రమాణమని మన యాలంకారికులు నిర్ణయించిరి. అయితే సహృదయుఁడెవఁడను ప్రశ్నకు వారు చెప్పిన సమాధానములో సగమే మనము జ్ఞాపకముంచుకొన్నాము. కవితో సమానమైన హృదయము గలవాఁడు సహృదయుఁడనుట ఒక సగము. కావ్యములను పలుమాఱు పరిశీలించిన యభ్యాసముచే మనస్సు అద్దమువలె నిర్మలమైనవాఁడనుట రెండవ సగము. మొదటిది ప్రేమ, రెండవది పరిశ్రమ. ప్రేమ యొక్కటియే యున్నచో అభిమాని యగును. పరిశ్రమ యొక్కటియే యున్నచో శుష్కపండితుఁడగును. రెండును కలిసిననాఁడు విమర్శకుఁడు పుట్టును. ఈ మాట యెంతవఱకు నిజమో పరీక్షించుటకు మేము కాళిదాసును గాని పెద్దనను గాని తీసికొనలేదు. పండితులు సాధారణముగా కన్నెత్తియైనను చూడని యొక యింగ్లీషు టెలివిజను ధారావాహికను, దానిని గూర్చి అఱువదియేండ్లుగా వాదులాడుకొనుచున్న దాని యభిమానులను తీసికొన్నాము. శాస్త్రసూత్రమునకు బలము అలవాటులేని చోటనే తెలియును.

ఆ ధారావాహిక పేరు 'డాక్టర్ హూ'. 1963 నవంబరు 23వ తేది శనివారము సాయంకాలమున బి.బి.సి. వారు దీనిని మొదట ప్రసారము చేసిరి. కాలమునందును ఆకాశమునందును స్వేచ్ఛగా సంచరించు ఒక వింత యాత్రికుఁడు ఇందు నాయకుఁడు. అతని నిజనామ మెవరికిని తెలియదు. 'డాక్టరు' అని మాత్రమే పిలుతురు. అతని వాహనము వెలుపలినుండి చూచువారికి ఆనాఁటి యింగ్లాండు వీథులలోని పోలీసు టెలిఫోను పెట్టెవలె నుండును. లోపల మాత్రము మహాసౌధమంత విశాలముగా నుండును. పిల్లలును పెద్దలును కలిసి చూచుటకై స్వల్పవ్యయముతో, అట్టలతోను రంగులతోను కట్టిన దృశ్యముల నడుమ ఈ కథలను నడిపిరి. తొలి నిర్మాతయైన వెరిటీ లాంబర్టు అప్పటికి ఇరువదియేడేండ్ల యువతి. తొలి కథకు దర్శకత్వము వహించిన వారిస్ హుస్సేను మన దేశమున లక్నో నగరములో పుట్టినవాఁడు, అతనికప్పుడు ఇరువదినాలుగేండ్లు. 1966లో నాయకపాత్రధారియైన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యము క్షీణింపఁగా నిర్వాహకులు ఒక యుపాయము పన్నిరి. డాక్టరు సామాన్యమానవుఁడు కాఁడు గనుక, దేహము శిథిలమైనపుడు అతఁడు నూతనదేహమును ధరింపఁగలఁడనిరి. అట్లు పాట్రిక్ ట్రౌటన్ రెండవ డాక్టరయ్యెను. ఈ యుపాయమే కథకు ప్రాణవాయువు. దానిబలముచేతనే అది 1989 వఱకు నడిచి, ఆగి, 1996లో ఒక చిత్రముగా తళుక్కుమని, 2005లో మరల లేచి నిలిచినది.

ఇఁక అభిమానుల మాట. వారు చేసిన మొదటి పని విమర్శ కాదు, రక్షణము. 1960ల చివరనుండి 1978 వఱకు బి.బి.సి. వారు తమ పాత కార్యక్రమములను పెక్కింటిని చెఱిపివేసిరి. టేపులు వెలగలవి, మరల వాడుకొనవచ్చును. నటులతోడి యొడంబడికలు పునఃప్రసారమునకు హద్దులు విధించినవి. రంగుల టెలివిజను వచ్చిన పిదప నలుపు తెలుపుల చిత్రములను చూచువారుండరని తలఁచిరి. ఎవరియందును ద్వేషము లేదు, ఉన్నదెల్ల ఉదాసీనత. గ్రంథములను చెదలకంటె ఉదాసీనతయే యెక్కువగా తినివేసినదని మన తాళపత్రముల చరిత్ర యెఱిగినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. మొదటి యాఱేండ్లలో ప్రసారమైన 253 భాగములలో, 2013వ సంవత్సరపు అన్వేషణము ముగిసిన పిమ్మట కూడ, 97 భాగముల చిత్రము లభింపకయే యుండెను.

అయినను ఆ 97 భాగముల ధ్వని మాత్రము పూర్తిగా నిలిచియున్నది. దీనికి కారణము సంస్థ కాదు. ప్రసారమగుచుండఁగా ఇండ్లలో కూర్చుండి, టెలివిజను పెట్టె దగ్గఱ మైక్రోఫోనునుంచి, ఇంటివారిని మాటలాడవలదని బతిమాలుకొని, టేపులపై పట్టుకొన్న బాలురును యువకులును దీనికి కారణము. వారికి ఎవరును వేతనమీయలేదు. ఈ టేపులకు ముందు ముందు విలువ వచ్చునని వారెఱుఁగరు. వినిన కథను మరల వినవలెనను కోరిక యొక్కటే వారిని నడిపించెను. నేఁడు ఆ ధ్వనికి బొమ్మలు గీయించి, పోయిన కథలను ఒక విధముగా మరల చూపుచున్నారు. గ్రంథసంరక్షణమను మహాకార్యము పలుమాఱులు ఇట్టి చిన్నకోరికతోనే ప్రారంభమగును. రాత్రులు దీపము ముందు కూర్చుండి పరుల గ్రంథమునకు ప్రతి వ్రాసికొన్న మన పూర్వపు లేఖకులకును ఈ బాలురకును జాతి యొక్కటియే.

అయితే కాపాడుట వేఱు, అర్థముచేసికొనుట వేఱు. అభిమానులు కూడినపుడు చేయు చర్చలలో మొదటి తరగతిది విరోధపరిహారము. దీనికొక యుదాహరణము చెప్పెదము. 1970లలోని కథలలో 'యూనిట్' అను సైనికసంస్థ వచ్చును. పరలోకములనుండి వచ్చు నాపదలను ఎదుర్కొనుట దాని పని. బ్రిగెడియరు లెత్‌బ్రిడ్జి స్టూవర్టు దాని నాయకుఁడు. ఈ సంస్థ కథలు ఏ సంవత్సరమున జరిగినవి? 1975లో ప్రసారమైన 'పిరమిడ్స్ ఆఫ్ మార్స్' అను కథలో, డాక్టరు సహచరియైన సారా తాను 1980వ సంవత్సరమునుండి వచ్చితిననును. 1983లో ప్రసారమైన 'మాడ్రిన్ అన్‌డెడ్' అను కథలోనో, బ్రిగెడియరు 1977 నాఁటికే సైన్యమునుండి విరమించి ఒక పాఠశాలలో ఉపాధ్యాయుఁడై యుండును. రెండును నిజము కాఁజాలవు. దీనిపై అభిమానులు వ్రాసిన సమన్వయములు ఒక చిన్న గ్రంథాలయమునకు చాలును. ఒకరు సారా మాట స్థూలముగా చెప్పినదందురు. ఒకరు రెండవ కథ కర్తలది ప్రమాదమందురు. మఱియొకరు కాలమే మాఱిపోయినదందురు. తుదకు 2008లో ఒక కథాకర్త డాక్టరు నోటనే, తాను యూనిట్‌తో పనిచేసినది డెబ్బదులలోనో ఎనుబదులలోనో జ్ఞాపకము లేదన్నట్లు పలికించి వాదులందఱిని నవ్వించెను.

దీనిని చూచి మన మీమాంసకులు పరిహసింపరాదు; వారి వంశవృక్షములో ఇది యొక కొమ్మయే. ఇట్టి చర్చవలన ఒక మేలు కలదు. మాటను మాటగా చదువుట, ఒకచోటి వాక్యమును వేఱొకచోటి వాక్యముతో పోల్చుట, ప్రమాణములేక పలుకకుండుట దీనివలన అలవడును. తరగతిలో పద్యమునకు అన్వయము చెప్పుమన్న తల గోఁకికొను బాలుఁడు తనకిష్టమైన కథలోని పూర్వాపరవిరోధమును గూర్చి గంటసేపు తర్కించుట మేమెఱుఁగుదుము. శక్తి లేక కాదు, రుచి పుట్టక వాఁడు పద్యమునొద్ద మూగవోవుచున్నాఁడు. ఆ రుచిని ఆధారము చేసికొని ఈ శక్తిని వృద్ధిచేయుట ఉపాధ్యాయుని ధర్మము.

కాని ఈ చర్చలో ఒక లోపమును కలదు. తేదీలు కుదిరినంతమాత్రమున కథ సుందరము కాదు. కుదరనంతమాత్రమున వికృతము కాదు. పైఁ జెప్పిన 'పిరమిడ్స్ ఆఫ్ మార్స్' కథనే చూడుఁడు. కథ జరుగునది 1911లో. దుష్టశక్తి విజృంభించుచుండఁగా సారా ఒక చిక్కు ప్రశ్న వేయును: 1911లో లోకము నశింపలేదని మనకు తెలియునుగదా, మన మిచటనుండి వెడలిపోయిన నేమి? డాక్టరు వాదింపఁడు. ఆమెను ఆమె కాలమైన 1980కి తీసికొనిపోయి తలుపు తెఱచి చూపును. బయట నిర్జీవమైన భూమి, తుపాను తప్ప మఱేమియు లేదు. తాము చేయవలసిన పనిని మానినచో భవిష్యత్తు ఇట్లుండునని ఒక్క దృశ్యముతో తేలిపోయినది. 1975లో ఆ కథను చూచినవారికి 1980 అనఁగా రేపో యెల్లుండియో వచ్చునది. తమ పిల్లలు పెరిగి పెద్దలగునంతటి దూరమైనను కాదు. ఆ సామీప్యమునందే భయానకరసము కలదు. తేదీని పట్టుకొని ముప్పదియేండ్లు తగవులాడినవారిలో ఎందఱు ఆ తేదీయందలి ధ్వనిని గుర్తించిరి? రసభంగమునకు అనౌచిత్యమే కారణమని పెద్దలు చెప్పిరి గాని, లెక్క తప్పుట కారణమని చెప్పలేదు. విరోధమును కనిపెట్టుట చదువరి పరిశ్రమకు సాక్ష్యము. అది రసమును చెఱచినదా లేదా యని విచారించుట విమర్శ. మొదటిదానియొద్దనే ఆగిపోవుట అభిమానుల సామాన్యదోషము.

రెండవ తరగతి చర్చలు గుణనిర్ణయమునకు సంబంధించినవి. ఇచట ఒక విచిత్రమైన పరీక్ష దైవవశమున జరిగినది. 1967లో ప్రసారమైన 'ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్' అను కథ నశించినవానిలో చేరియుండెను. చిన్ననాఁట చూచినవారు దానిని మహాకావ్యమని వర్ణించుచుండిరి. చూడనివారు ఆ వర్ణనను వేదవాక్యముగా గ్రహించిరి. 1992లో హాంకాంగునుండి దాని నాలుగు భాగములును లభించినవి. అందఱును చూచిరి. మంచుగడ్డలు కరగి లోహదేహులు గూళ్లనుండి వెలువడు దృశ్యము నిజముగనే భీషణముగా నున్నది. కాని మనుష్యుని గాలిలోనికెత్తు తీఁగలు కన్పడుచున్నవి. కథ కొన్నిచోట్ల కుంటుచున్నది. అందలి నల్లజాతివాఁడైన యొకే పాత్రను దాదాపు మాటలులేని బలిష్ఠసేవకునిగా దిద్దిన తీరు నేఁటివారి మనస్సునకు ముల్లువలె తగులుచున్నది. ఇంత కోలాహలము నడుమ, తండ్రిని కోల్పోయిన విక్టోరియా అను బాలికతో డాక్టరు తన వారిని గూర్చి మెల్లగా మాటలాడు చిన్న సన్నివేశమొకటి యున్నది. తలఁచికొనఁదలఁచినపుడు వారు తన కన్నులయెదుటికి వత్తురని, తక్కిన వేళ తన మనస్సులో నిదురింతురని యతఁడు చెప్పును. ఈ కథలో ఉత్తమమైనది ఇదియే యని మా యభిప్రాయము.

దీనికి సరిగా విపర్యయముగా నడిచినది 'ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్' అను కథ. 1967 డిసెంబరునుండి 1968 జనవరి వఱకు ఆఱు భాగములుగా ప్రసారమైన దీనిలో మూఁడవ భాగమొక్కటే చిరకాలము మిగిలియుండెను. ఆ యొక్క భాగమును చూచి కథయంతయు చప్పనిదని తేల్చిరి. 2013లో నైజీరియా దేశమునందలి జోస్ పట్టణమునుండి తక్కిన భాగములు లభించినవి. ట్రౌటన్ అందు డాక్టరుగాను, సాలమాండర్ అను క్రూరుఁడుగాను రెండు పాత్రలు ధరించెను. ఆ రెండు ముఖములకును గల భేదమును కనులార చూచిన పిదప పెక్కురు తమ తీర్పును తిరుగవ్రాసికొనిరి. ఒకదానిని జ్ఞాపకము పెంచినది. ఒకదానిని జ్ఞాపకము త్రుంచినది. రెండింటను గ్రంథము మాత్రము మాఱలేదు. మన సాహిత్యములో గ్రంథమును విప్పకయే పూర్వుల తీర్పును వల్లించు విమర్శకుల సంఖ్య తక్కువ కాదు గనుక, ఈ రెండు కథల చరిత్ర మన పాఠశాలలలో చెప్పఁదగినదని మేము తలఁచుచున్నాము.

జ్ఞాపకముకంటె ప్రబలమైన శత్రువు ఇంకొకటి కలదు. అది మమకారము. 1976లో అభిమానులు బ్రిటనులో ఒక సంఘముగా నేర్పడిరి. ఆ సంవత్సరమే 'ది డెడ్లీ అసాసిన్' అను కథ ప్రసారమయ్యెను. డాక్టరు జాతివారైన కాలప్రభువులను అభిమానులు దేవతాసమానులుగా భావించుచుండిరి. కథాకర్తయైన రాబర్ట్ హోమ్స్ వారిని కుర్చీలకు అతుక్కొని, ఆచారములను వల్లించుచు, తప్పులను కప్పిపుచ్చుకొను ముదుసలి యధికారులుగా చిత్రించెను. సంఘాధ్యక్షుఁడు మండిపడి దీనిని ఖండించుచు వ్రాసెను. ధారావాహిక ప్రాణమే పోయినదని వాపోయెను. కాలము గడచినకొలఁది అదే కథ ఉత్తమకథలలో ఒకటిగా లెక్కకు వచ్చెను; కాలప్రభువుల లోకమును గూర్చి పిమ్మట వచ్చిన కథలు పెక్కు దాని పునాదిమీఁదనే లేచినవి. ఆ ఖండనకర్తకు శ్రద్ధ లేక కాదు. అతనికి కథ పూర్తిగా కంఠస్థము. కాని అతఁడు చూచిన కథను, తాను మనస్సులో కట్టుకొన్న కథతో పోల్చి, వెలితి యుండఁగా కర్తను దోషినిచేసెను. కర్త చెప్పఁదలఁచినదేమి, దానిని చెప్పఁగలిగెనా యను ప్రశ్నలు పుట్టుటకు తావే లేకపోయెను. మహాకవులు పురాణకథలను మార్చిననాఁడు మన పెద్దలలో కొందఱు చేసినదియు ఇదియే.

అభిమాని విమర్శకుఁడగుటకును, విమర్శకుఁడు కర్త యగుటకును గల దారిని తెలుపు వృత్తాంతమొకటి చెప్పెదము. 1986లో బి.బి.సి. వారి యొక కార్యక్రమమున కొందఱు యువాభిమానులు కథాకర్తలను ముఖాముఖి యెదుర్కొనిరి. అందు పదునాఱేండ్ల బాలుఁడొకఁడు ఆ యేటి కథ అరిగిపోయిన పోకడలతో నిండినదని వారి యెదుటనే నిర్మొగమాటముగా చెప్పెను. అతని పేరు క్రిస్ చిబ్నల్. 2018లో ఆ ధారావాహికకు ప్రధానరచయితయు నిర్వాహకుఁడునైనవాఁ డాతఁడే. 2020లో అతఁడు డాక్టరు పుట్టుపూర్వోత్తరములనే తిరుగవ్రాయఁగా అభిమానులలో గొప్ప కలహము రేగెను; తాను బాల్యమున అన్న మాటలకంటె పరుషములైన మాటలను అతఁడు పడవలసి వచ్చెను. పాత చిత్రమును తీసి చూపి నవ్వినవారు పెక్కురు. మేము నవ్వఁజాలము. ఆ బాలుని విమర్శలో అసత్యమేమియు లేదు. కుండ వంకరగా నున్నదని చెప్పినవాఁడు తానే సారెయొద్ద కూర్చుండుట పరిహాసాస్పదము కాదు, ప్రశంసార్హము. అతఁడు చేసిన కుండ చక్కగా వచ్చినదా యనుట వేఱు ప్రశ్న. దానిని చూచియే చెప్పవలెను.

అతఁడొక్కఁడే కాదు. 2005లో ధారావాహికను మరల లేపిన రసెల్ టి. డేవిస్, అతని తరువాత దానిని నడపిన స్టీవెన్ మొఫట్, డాక్టరు పాత్రధారులైన డేవిడ్ టెన్నెంట్, పీటర్ కపాల్డీ, అందఱును బాల్యమునుండి అభిమానులు. 1989 తరువాతి పదునైదేండ్ల నిద్రాకాలములో 1991నుండి నవలలు, 1999నుండి శ్రవ్యనాటకములు వ్రాసి కథను బ్రతికించినవారు వీరివంటివారే. డేవిస్ కూడ 1996లో అట్టి నవల యొకటి వ్రాసెను. అయితే అభిమానులే అభిమానులకొఱకు వ్రాయునపుడు ఒక ప్రమాదము కలదు. పాతకథల సూచనలు పెరిగి, క్రొత్తవానికి ప్రతివాక్యమునకు వ్యాఖ్య కావలసివచ్చును. డేవిస్ ఈ ప్రమాదమునెఱిగి 2005లో మొదటి కథను లండను నగరమున దుకాణములో పనిచేయు రోజ్ అను పడుచు కన్నులగుండా నడపెను; పూర్వచరిత్ర యెఱుఁగనివాఁడును ఆమెతోపాటు లోనికి ప్రవేశింపఁగలిగెను. తనకు తెలిసినదంతయు చెప్పకుండుట పాండిత్యమునకు కష్టసాధ్యమైన సంయమము. మన ప్రౌఢప్రబంధకర్తలును, నేఁటి పరిశోధకులును దీనిని గమనించుట మంచిది.

తుదకు అన్నింటికంటె పెద్ద కలహము. 2017లో జోడీ విట్టకర్ అను నటి పదమూఁడవ డాక్టరుగా ప్రకటింపఁబడెను. పురుషపాత్రకు స్త్రీదేహమా యని అభిమానులలో కొందఱు ఆగ్రహించి సంప్రదాయము చెడినదనిరి. మేము అడుగునది ఒక్కటే: ఏ సంప్రదాయము? దేహము మాఱినను వ్యక్తి నిలుచుననుట 1966లో ఈ కథ తనకు తాను విధించుకొన్న ధర్మము. ముదుసలి యువకుఁడైనపుడు, గంభీరుఁడు విదూషకప్రాయుఁడైనపుడు చెడని సంప్రదాయము స్త్రీయైనపుడే చెడినచో, కాపాడఁబడుచున్నది కథాధర్మము కాదు, చూచువాని పాత యలవాటు. ఇరువదియేడేండ్ల యువతియు, లక్నోలో పుట్టిన యువకుఁడును మొదటిదినమున నిలువఁబెట్టిన యింటికి ఇట్టి ద్వారపాలకులు అవసరము లేదు.

అయినను న్యాయము రెండువైపులను చూడవలెను. డాక్టరు స్త్రీ కావచ్చునా యనుట ఒక ప్రశ్న; ఆమెకు వ్రాసిన కథలు బాగుగా నున్నవా యనుట వేఱొక ప్రశ్న. ఒక్క కథయు రాకముందే రెండవదానికి తీర్పు చెప్పినవారు నిజముగా మొదటిదానికే జవాబు చెప్పిరి. కథలలో బిగువు లేదని కారణములు చూపి చెప్పినవారినందఱిని స్త్రీద్వేషులని త్రోసివేసినవారును తప్పుదారి త్రొక్కిరి. సంస్కారము కోరువారికి ఈ రెండవ తప్పు మఱింత హానికరము. మంచి యుద్దేశముతో చేసిన పనికి విమర్శ తగదన్నచో, ఆ పనిని చేసినవారిని మనము గౌరవించినట్లు కాదు, పసివారినివలె లాలించినట్లు. క్రొత్తగా తలుపు తెఱచినచోట ప్రవేశించినవారికి పాతవారితో సమానమైన కొలబద్ద దొరకుటయే నిజమైన సమానత్వము.

కావున అభిమానులను చూచి పండితులు నేర్వవలసినది కలదు. పండితులను చూచి అభిమానులు నేర్వవలసినదియు కలదు. పోయిన గ్రంథమునకై ప్రపంచమెల్ల గాలించు ఆర్తి, మాటమాటను పట్టి చదువు ఓర్పు, వేతనములేక చేయు సేవ అభిమానులయొద్ద పుష్కలముగా నున్నవి. చూచి తీర్పు చెప్పుట, కర్త సంకల్పమును ముందు గ్రహించుట, తన మమకారమును ఒక ప్రక్కనుంచి రసమును వెదకుట శాస్త్రము నేర్పును. ఒక జాతి తాను ప్రేమించు కథలను గూర్చి యెట్లు వాదించునో, తన యాచారములను గూర్చియు, తన చట్టములను గూర్చియు అట్లే వాదించును. కథయొద్ద ఎదుటివాని మాటను తుదివఱకు వినుట నేర్చినవాఁడు సభలోను వినఁగలఁడు. మన పిల్లలు ఏ కథను ప్రేమించినను దానిని తక్కువచేసి నవ్వక, అది యెందుకు బాగున్నదో, ఎచట బాగులేదో కారణములతో చెప్పుమని వారిని అడుగుదము. వారు తడబడుచు చెప్పు ఆ మొదటి కారణమే సాహిత్యవిద్యకు ఓనమాలు.